ఆదివారం దగ్గరగా ఉండే దేవుడు సోమవారం ఎందుకు కనపడడు?

ప్రశ్న: అక్కా, వందనాలు. నా పేరు వేయొద్దు ప్లీజ్. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది, మంచంలోనే ఉంటారు, మాట కూడా పోయింది, అన్నీ నేనే చూసుకోవాలి. మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికే వస్తారు. ఆదివారం చర్చిలో పాటలు పాడుతుంటే దేవుడు నా పక్కనే ఉన్నాడనిపించి కన్నీళ్ళు వచ్చేస్తాయి, సోమవారం నుంచి మళ్ళీ ఏమీ ఉండదు, పని పని పని. రాత్రి ప్రేయర్‌కి మోకరిస్తే అలాగే నిద్రపోతున్నాను. మా ప్రేయర్ గ్రూప్‌లో అందరూ దేవుడు నాతో ఇలా మాట్లాడాడు, అలా చూపించాడు అని సాక్ష్యం చెప్తారు, నాకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఒక ఆంటీ అయితే నీలో ఏదో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే ఆయన సన్నిధి నీకు తెలియట్లేదు అన్నారు. అప్పట్నుంచి భయం పట్టుకుంది. దేవుడు నన్ను వదిలేశాడా? ఈ రోజువారీ పనుల్లో ఆయన్ని ఎలా కనుక్కోవాలి? ఆ గ్రూప్‌కి వెళ్ళడం మానేద్దామా అనుకుంటున్నా, తప్పా?

సమాధానం: చెల్లీ, వదిలేయలేదు. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తున్నా, ఎందుకంటే మిగతాదంతా చదివే ఓపిక నీకు ఇవాళ ఉంటుందో లేదో. "ఇదిగో నేను యుగసమాప్తి వరకు సదాకాలము మీతోకూడ ఉన్నాను" అని యేసు చెప్పినప్పుడు, మీకు అలా అనిపిస్తేనే ఉంటాను అని కండిషన్ ఏమీ పెట్టలేదు. పైగా ఆ మాట ఎవరికి చెప్పాడో మత్తయి 28లో ఒకసారి చూడు. శిష్యులు అప్పుడే ఆయన్ని చూసి మొక్కారు, అదే వచనంలో కొందరు సందేహించారు అని కూడా ఉంది. ఆ సందేహించిన వాళ్ళని పక్కకి పిలిచి వేరేగా ఏం చెప్పలేదు ఆయన, అందరికీ కలిపే చెప్పాడు సదాకాలం ఉంటాను అని.

ఇక ఆ ఆంటీ అన్న మాట. ఆవిడ నీ మంచి కోరే అని ఉంటారు, కానీ ఆ మాట తప్పు, గట్టిగానే చెప్తున్నా. దేవుడు పాపం విషయంలో మనల్ని కదిలించినప్పుడు ఇదీ అని చూపిస్తాడు. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వెళ్ళి నీలో ఏదో ఉంది చూసుకో అనలేదు, దావీదు చంపించిన ఊరియా పేరు చెప్పాడు, ఏం చేశాడో చెప్పాడు, దావీదుకి అర్థమైపోయింది, ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది. నీకు కూడా అలా ఫలానాది అని గుర్తొస్తే ఇప్పుడే ఒప్పుకో, మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని 1 యోహాను 1:9 ఉంది కదా, అక్కడితో అయిపోతుంది. ఏదీ గుర్తు రాకుండా ఊరికే నాలో ఏదో ఉందేమో ఉందేమో అని రోజంతా గుండె పీకుతూ ఉంటే మాత్రం, ఆ భయాన్ని దేవుడి స్వరం అనుకోకు. యోబు స్నేహితులు ముగ్గురూ అధ్యాయాలకి అధ్యాయాలు అదే పని చేశారు, నీకు ఇంత కష్టం వచ్చిందంటే నువ్వేదో చేసే ఉంటావ్ అని. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ళ మీద.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు విషయానికి వస్తా. ఆదివారం నీకు కలిగేది నిజమే, దాన్ని తక్కువ చేయను, అది దేవుడిచ్చేదే. కానీ ఒకటి ఆలోచించు, వారం మొత్తంలో నిన్ను ఎవరూ పిలవకుండా, నీ చేతుల్లో ఏ పనీ లేకుండా నువ్వు కూర్చునేది ఆ రెండు గంటలే. పాటలు ఉంటాయి, చుట్టూ నలుగురు ఉంటారు, శరీరం కాస్త కుదుటపడుతుంది, అప్పుడు మనసు తెరుచుకుంటుంది. సోమవారం అవేవీ ఉండవు. అంటే సోమవారం నీ దగ్గర లేనిది తీరిక. మనం దాన్ని తెలియకుండానే దేవుడు లేకపోవడం అనేసుకుంటాం, నీలాంటి ఉత్తరాలు చాలావాటిలో ఇదే కనిపిస్తుంది నాకు. అనిపించడం ఒకటి, ఉండడం ఇంకొకటి. యాకోబు అన్నకి భయపడి ఇల్లు వదిలి పారిపోతూ, చీకటి పడితే ఎక్కడో ఒక రాయి తల కింద పెట్టుకుని పడుకున్నాడు, ఆ చోట్లో దేవుడున్నాడని వాడికి పడుకునేముందు ఏమీ అనిపించలేదు. లేచాక అన్నాడు, "నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు, అది నాకు తెలియక పోయెను" అని. వాడికి తెలియకపోయినా ఆయన ఉన్నాడు. కీర్తనకారుడు కూడా నీ సన్నిధి నుండి నేనెక్కడికి పారిపోవుదును అని అడిగాడు తప్ప నీ సన్నిధిని ఎలా సంపాదించుకోవాలి అని ఆ 139వ కీర్తనలో ఎక్కడా అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి, కొంచెం కష్టమైన విషయం. ఈ ఏమీ అనిపించకపోవడం అనేది కొందరికి చాలాకాలం ఉంటుంది. 88వ కీర్తన చదివావా? బైబిల్లో అన్నిటికంటే చీకటి కీర్తన అది, మిగతా మొరల్లో లాగా చివర్లో స్తుతితో లేవదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచాడు, తీసేయలేదు. మదర్ థెరిసా 1997లో చనిపోయారు, పదేళ్ళకి 2007లో ఆవిడ రాసుకున్న ఉత్తరాలు బయటికొచ్చాయి, చూస్తే దశాబ్దాలపాటు ఆవిడకి దేవుడు దగ్గరున్నట్టే అనిపించలేదట. ప్రార్థన మానలేదు, పేదవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మానలేదు. ఆవిడలో ఒప్పుకోని పాపం ఉంది కాబట్టే అలా అయ్యింది అని ఎవరైనా అనగలరా? నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు ఇది, నీకూ దశాబ్దాలు అలాగే ఉంటుందని అస్సలు కాదు. నీకు అనిపించనంత మాత్రాన నీ ప్రార్థన ఫెయిల్ అయినట్టు కాదు అని చెప్పడానికి.

మోకాళ్ళ మీదే నిద్రపోతున్నానన్నావ్. చెల్లీ, రాత్రి ఎన్నిసార్లు లేస్తావ్ నువ్వు, మంచంలో ఉన్న మనిషిని రెండేసి గంటలకి ఒకసారి పక్కకి తిప్పకపోతే పుళ్ళు పడతాయి, ఆ లెక్కన రాత్రి కూడా లేస్తూనే ఉంటావ్ కదా. నిద్ర రాకపోతే ఆశ్చర్యపోవాలి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త సంగతి చూడు, ఇక చాలు నా ప్రాణం తీసేయ్ అని ఒక చెట్టు కింద పడుకుండిపోయాడు. దేవుడు వెంటనే లేపి ఎందుకిలా మాట్లాడుతున్నావ్ అని అడగలేదు. దూత వచ్చి తట్టి లేపి తిను అన్నాడు, తిని మళ్ళీ పడుకున్నాడు, రెండోసారి కూడా లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" తిను అనే అన్నాడు. రెండుసార్లు నిద్ర, రెండుసార్లు భోజనం, దాని తర్వాత ఎప్పుడో హోరేబు కొండ దగ్గర ఆ మిక్కిలి నిమ్మళమైన స్వరం. మనం ప్రసంగాల్లో ఆ స్వరం గురించే చెప్పుకుంటాం, ముందు జరిగిన భోజనం నిద్ర వదిలేస్తాం. ఏలీయాతో ఆ చెట్టు కింద ఉన్నది కూడా ఆ దేవుడే కదా. అందుకని రాత్రి మోకరించి నిద్రతో కొట్లాడడం కొన్నాళ్ళు ఆపెయ్. మంచం మీద పడుకునే, కళ్ళు మూసుకునే, ప్రభువా ఇవాళ్టికి ఇంతే, నీ చేతుల్లో పెడుతున్నా అని చెప్పి పడుకో. "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అని 127వ కీర్తన చెప్తోంది, నువ్వు ఆ ప్రియుల్లో ఒకదానివే.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపేసింది ఏంటో తెలుసా, "పని పని పని" అని రాసిన చోటు. పని ఒకవైపు, దేవుడు ఇంకోవైపు ఉన్నట్టు, పని అయిపోతే గానీ ఆయన దగ్గరికి వెళ్ళలేనన్నట్టు రాశావ్. యేసు ముప్పై ఏళ్ళ వయసులో పరిచర్య మొదలుపెట్టాడని లూకా రాశాడు. అప్పటిదాకా? నజరేతులో వడ్లపని. ఊళ్ళోవాళ్ళకి ఆయన వడ్లవాడు, అంతే. బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి బయటికి రాగానే ఆకాశం నుంచి "నీవు నా ప్రియకుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను" అని వినబడింది కదా, అప్పటికి ఒక్క ప్రసంగం చేసినట్టు గానీ ఒక్క అద్భుతం చేసినట్టు గానీ సువార్తల్లో లేదు. తండ్రి ఆనందించింది ఆ ఎవరికీ తెలియని సంవత్సరాలన్నీ చూసి కూడా. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది, ఎందుకంటే మన బతుకుల్లో ఎక్కువ భాగం ఆ నజరేతు సంవత్సరాల్లాంటివే, సాక్ష్యంగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ అత్తగారి మంచం దగ్గరికి వద్దాం. ఆవిడ్ని పక్కకి తిప్పి, తడిసిన దుప్పటి సగం చుట్టి వీపు కిందకి నెట్టి, ఉతికింది పరిచి, మళ్ళీ ఇటు తిప్పి లాగి, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పిండి ఒళ్ళు తుడిచి, ఆ మడమలు, నడుము, ఎక్కడైనా ఎర్రగా కందిందా అని వంగి చూస్తావ్. ఈ పని రోజూ చేసే నీకు నేను చెప్పేదేముంది. కానీ చివరి రాత్రి యేసు చేసింది కూడా దీనికి దగ్గరి పనే, యోహాను 13, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకి కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక్కొక్కరి కాళ్ళు కడిగి తువాలుతో తుడిచాడు. దేవుడు ఎలా ఉంటాడో మనకి చూపించిన గంటల్లో అదొకటి, అక్కడ వెలుగులు లేవు, నీళ్ళు, తువాలు, మనుషుల కాళ్ళు, అంతే. నువ్వు ఆ గదిలో ఒంటరిగా ఏం లేవు.

ఇంకా ముఖ్యమైంది మత్తయి 25. "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి" అని తీర్పు రోజున రాజుగా కూర్చున్న యేసు అంటాడు కదా, దానికి నీతిమంతులు ఏమన్నారో గమనించావా? ప్రభువా ఎప్పుడు నిన్ను చూశాం, నువ్వు రోగివై ఉండగా ఎప్పుడు నీ దగ్గరికి వచ్చాం అని ఆశ్చర్యపోయారు. వాళ్ళకి తెలియలేదు చెల్లీ! ఆ పని చేస్తున్నప్పుడు వాళ్ళకి ఏ సన్నిధీ అనిపించలేదు, కన్నీళ్ళు రాలేదు, స్వరం వినపడలేదు, ఎదురుగా ఒక జబ్బు మనిషి ఉన్నాడు, చూసుకున్నారు. అయినా వాళ్ళు చేసింది ఆయనకే, ఆయన అక్కడే ఉన్నాడు. నీ ప్రశ్నకి బైబిల్లో దీనికంటే నేరుగా ఉన్న జవాబు నాకు ఇంకోటి తెలియదు. దేవుణ్ణి ఎలా కనుక్కోవాలి అని అడిగావ్, ఏడాది నుంచి నువ్వు రోజూ ఒళ్ళు తుడుస్తున్నది ఎవరికి అని నేను అడుగుతున్నా.

సరే, ఇది తెలిసినంత మాత్రాన మనసుకి ఎక్కదు, అది కూడా నిజం. అలవాటు కావాలి. 17వ శతాబ్దంలో ప్యారిస్‌లో బ్రదర్ లారెన్స్ అని ఒక ఆయన ఉండేవాడు, అంతకుముందు సైనికుడు, గాయపడి తర్వాత కార్మెలైట్ అనే కాథలిక్ సన్యాసుల మఠంలో చేరాడు, పెద్ద చదువు లేదు, వంటగదిలో వేశారు. ఆయనకి స్వతహాగా వంటపని అంటే ఇష్టం లేదు, అయినా ఏళ్ళ తరబడి అదే చేశాడు, తర్వాత చెప్పులు కుట్టే పని. ఆయన పట్టుకున్నది ఒక్కటే, పని చేస్తూ లోపల దేవుడితో మాట్లాడుతూ ఉండడం, మర్చిపోతే, గుర్తొచ్చినప్పుడు గొడవ చేసుకోకుండా మళ్ళీ మొదలుపెట్టడం. మొదటి పదేళ్ళు చాలా అవస్థ పడ్డానని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. 1691లో పోయాడు, వంటగదిలో పనిచేసిన మనిషి మాటలు ఇప్పటికీ చదువుకుంటున్నారు. ఆ పదేళ్ళ సంగతి కూడా గుర్తుపెట్టుకో, వారంలో రాకపోతే కంగారు పడకు.

నువ్వు ఏం చేయొచ్చంటే, కొత్తగా టైమ్ వెతకొద్దు, నీ దగ్గర లేదు. అత్తగారిని తిప్పే ప్రతిసారీ చేతులు కదులుతుండగానే ఒక్క వాక్యం, "ప్రభువా, ఇది నీకే చేస్తున్నా" అను, పైకే అను, ఆవిడ కూడా వింటారు. మాట పోయినా వినికిడీ అర్థం చేసుకోవడమూ చాలామందికి ఉంటాయి, ఆ సంగతి మర్చిపోకు. పొద్దున ఒక కీర్తన, మొత్తం కుదరకపోతే నాలుగు వచనాలు, నీకోసం విడిగా కాకుండా ఆవిడ పక్కన కూర్చుని పైకి చదువు, నీ వాక్యధ్యానం అయిపోతుంది, ఆవిడకి రోజంతా ఆ కప్పు చూస్తూ పడుకోవడం తప్పి ఒక మాట దొరుకుతుంది. పిల్లలు మధ్యలో వచ్చి లాగితే లాగనీ, వాళ్ళని కూడా కూర్చోబెట్టుకో, కుదురుగా కూర్చోకపోయినా పర్లేదు. కోపం వచ్చినప్పుడు, వస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది, ఆ కోపాన్ని కూడా ఆయనకే చెప్పు. ఇంకెన్నాళ్ళు ప్రభువా, నా వల్ల కావట్లేదు అని అనడం పాపం కాదు, 13వ కీర్తన మొదలయ్యేదే ఎంతకాలం అనే మాటతో. ఆయనతో పోట్లాడుతున్నావంటే ఆయన ఎదురుగా ఉన్నావనే.

రాత్రి పడుకునేముందు ఇంకొక చిన్న పని. ఇగ్నేషియస్ లొయోలా అని 16వ శతాబ్దపు ఆయన నేర్పింది, ఆయన కాథలిక్ కదా మనకెందుకు అనుకోకు, మంచి అలవాటు ఎవరి దగ్గరున్నా తీసుకోవచ్చు. రోజంతా ఒకసారి వెనక్కి చూసుకోవడం, దేనికి థాంక్స్ చెప్పాలి, ఎక్కడ ఆయన నాతో ఉన్నట్టు ఇప్పుడు తెలుస్తోంది, ఎక్కడ తప్పాను, రేపటికి ఏం అడగాలి. మూడు నిమిషాలు చాలు, మధ్యలో నిద్రపోయినా ఏం కాదు. దీని ఉపయోగం ఏంటంటే, జరుగుతున్నప్పుడు తెలియనివి వెనక్కి చూస్తే తెలుస్తాయి. ఎమ్మాయు ఊరి దారిలో ఆ ఇద్దరు శిష్యులూ తిరిగి లేచిన యేసుతో అంత దూరం నడిచారు, మాట్లాడారు, గుర్తుపట్టలేదు, రొట్టె విరిచాక గుర్తుపట్టారు, ఆయన కనపడకుండా పోయాక అనుకున్నారు, "మన హృదయము మనలో మండుచుండలేదా" అని. నీకు కూడా రాత్రిపూట తట్టొచ్చు, మధ్యాహ్నం చిన్నోడి మీద అరవబోయి ఎందుకో ఆగాను, అత్తగారు ఇవాళ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు, అని. అవి చిన్నవి అని కొట్టిపారేయకు.

ఒక విషయం మాత్రం సీరియస్‌గా చెప్పాలి. నిద్రపోయే అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, పిల్లల్ని చూసినా ఏమీ అనిపించకపోవడం, బతకాలని లేకపోవడం, ఇలాంటివి వారాల తరబడి ఉంటే అది ప్రార్థన లోపం అనుకుని దాచుకోవద్దు, డాక్టర్‌కి చూపించుకో. బతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం వారాలు ఆగకు, ఆ రోజే ఇంట్లోవాళ్ళకి చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్ళు. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు, సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. మీ ఆయనకి కూడా కూర్చోబెట్టి చెప్పు, ఆయన తల్లి కదా, రాత్రి ఒక్కసారైనా తిప్పడానికి ఆయన లేవాలి, ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఆయన చూసుకోవాలి. అడగడానికి మొహమాటపడి, నేనే చేసుకుంటానులే అని మోస్తూ పోతే నీ నడుము విరుగుతుంది, మనసు కూడా విరుగుతుంది. గలతీ 6లో ఒకరి భారాలు ఒకరు భరించండి అని ఉంది, నీ భారం కూడా ఆ లెక్కలోదే.

గ్రూప్ మానేద్దామా అని అడిగావ్. మానకు. నీకు మనుషులు కావాలి, ఇప్పుడు ఇంకా కావాలి. కానీ అక్కడ సాక్ష్యం చెప్పమంటే లేనిది కల్పించొద్దు, ఉన్నదే చెప్పు, ఈ వారం నాకు ఏమీ అనిపించలేదు, అయినా మా అత్తగారిని చూసుకున్నాను, కీర్తన చదివి వినిపించాను, నాకోసం ప్రార్థించండి అని. అది కూడా సాక్ష్యమే, అక్కడ కూర్చున్నవాళ్ళలో నీలాగే లోపల భయపడుతూ పైకి చెప్పలేని వాళ్ళు ఇంకొకరైనా ఉంటారు. ఆ ఆంటీని తప్పించుకు తిరగకు, ఆవిడ అన్న మాట వల్ల నీకు ఎంత భయం వేసిందో ఒకసారి నెమ్మదిగా చెప్పు, పెద్దావిడే కదా, అర్థం చేసుకుంటారనే అనుకుంటున్నా. ఇంకో మాట, ఒక వారం ఆ ప్రేయర్ మీ ఇంట్లో పెట్టమని అడుగు, మీ అత్తగారి గదిలోనే. ఏడాది నుంచి ఆవిడ చర్చికి రాలేదు కదా, చర్చే ఆవిడ దగ్గరికి వస్తుంది. ఆ ఆంటీని ఆవిడ పక్కనే కూర్చోమను, ఒక గంట చూసుకోమను, పిల్లల్ని ఇంకొకరికి అప్పగించు. వాళ్ళు పాటలు పాడుతుంటే నువ్వు పక్క గదిలోకి వెళ్ళి పడుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే అనుకోనీ.